సార్లొచ్చే రోజు

డెబోరా టీచరు తన జట్టుకి పెట్టిన నియమం ఒక్కటే. ఒక్కటే కాబట్టి మరిచిపోయామని చెప్పి ఎవరూ తప్పించుకోలేరని ఆవిడ ధీమా. "తరగతి ఎట్టుంటే అట్టే చూపియ్యాల. ముస్తాబు చేసి చూపిచ్చేదానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా?" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు చూసి ఎవరూ అలుసు తీసుకునేవాళ్ళు కాదు.

జట్టు అంటే బోగోలు చుట్టుపక్కల, సముద్రానికీ రైలు పట్టాలకీ మధ్య ఉన్న ఎనిమిది చిన్న బళ్ళు. ఒక్కో బడికి ఒకరో ఇద్దరో అయ్యవార్లు. ఎవరి బడి వాళ్ళకి దీవి. పక్క బడిలో ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. నెలకోసారి మీటింగు ఉండేది గానీ, దానికి వెళ్ళడమంటే సంతకం, బోండా, టీ, మళ్ళీ సంతకం. ఆ బళ్ళన్నిటినీ కలిపి జట్టు కట్టి, దానికి డెబోరాని మెంటర్‌గా వేశారు. బిట్రగుంటలో ఇంటి దగ్గర స్కూటీ ఎక్కి రోజుకో బడికి వెళ్ళడం, వెనక వరసలో పిల్లల పక్కన కూర్చుని పాఠం వినడం, అయ్యాక ఆ అయ్యవారితో తీరిగ్గా మాట్లాడడం, ఇదీ ఆవిడ ఉద్యోగం. నెలకో శనివారం అందరూ ఒక బడిలో చేరతారు. ఆ బడి వాళ్ళు పాఠం చెబుతారు. మిగిలినవాళ్ళు చూసి, పిల్లలు ఎక్కడ జారిపోతున్నారో మాట్లాడుకుంటారు.

మొదటి శనివారం పాఠం ఆవిడే చెప్పింది. భాగహారం. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి కదా, గోదారిలా సాగిపోతుందనుకుంది. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. ఆవిడ సుద్దముక్క కింద పెట్టి వెనక్కి తిరిగి, నేనెక్కడ తప్పానో చెప్పండని అడిగింది. చివరికి సుశీల్ కుమార్ అనే కుర్ర మాస్టరు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, భయపడుతూ చెప్పాడు. ఆవిడ అతను చెప్పినట్టే మళ్ళీ మొదలుపెట్టి చెప్పింది. ఆ రోజుతో జట్టుకి ఆవిడ మీద గురి కుదిరింది. లోటు చెప్పుకుంటే పరువు పోదని తెలిశాక ఒక్కొక్కరూ విప్పి చెప్పుకోవడం మొదలుపెట్టారు.

వాళ్ళలో అందరికన్నా మారిన మనిషి చెంచయ్య. ఏటిమొగ పాళెం బడి ఆయనది. అది చేపలు పట్టేవాళ్ళ పాళెం. గోడ అవతల ఇసక, ఇసక అవతల సముద్రం. రిటైర్మెంటు దగ్గర పడ్డ చెంచయ్యకి ఒకప్పుడు పాఠం చెప్పడంకన్నా నిద్ర ఆపుకోవడం పెద్ద పనిగా ఉండేది. అలాంటి మనిషి డెబోరా వచ్చిపోవడం మొదలయ్యాక కుర్చీ వదిలి పిల్లల మధ్య నేల మీద కూర్చుంటున్నాడు. ఆయన్ని చూస్తే డెబోరాకి కడుపు నిండినట్టుండేది.

ఆ బడిలో నాలుగో తరగతి చదివే పిల్ల స్వర్ణ. అక్షరాలు విడివిడిగా వస్తాయి, కలిపితే రావు. రాకపోతే ఊరుకునే రకమా అంటే కాదు. బొమ్మ చూసి కథ అల్లేసి, పుస్తకంలో ఉన్నట్టే గడగడా చదివేస్తుంది. పేజీలో కాకి బొమ్మ కనబడిందా, వాళ్ళ చిన్నాయన పడవ మీద కాకి వాలి చేపని ఎత్తుకుపోయిన వైనమంతా చదువుతుంది, మధ్యలో చిన్నాయన తిట్లు కూడా వదలకుండా. ఒకసారి డెబోరాతో పాటు ఆ బడి చూడ్డానికి వచ్చిన సుశీల్ కుమార్ ఆ కాకి కథ విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. ఎవరు ఏం అడిగినా మొదట లేచే చెయ్యి స్వర్ణదే.

అక్కడే వచ్చింది చిక్కు. జట్టు పని ఎలా సాగుతోందో చూడ్డానికి జిల్లా నుంచి అధికారులు వస్తున్నారని కబురు వచ్చింది. చూపించేది ఏటిమొగ పాళెం బడి. నచ్చితే పక్క మండలాల్లోనూ ఇలాంటి జట్లు కడతారు. నచ్చకపోతే దీన్నీ మూసేసి డెబోరాని పాత బడికి పంపేస్తారు. ముందురోజు సాయంత్రం ఆవిడ బడి వసారాలో నిలబడి రేపటి పాఠాన్ని మనసులో నడిపించి చూసుకుంది. అంతా బాగానే ఉంది. చదవమని అడగ్గానే మొదట స్వర్ణ చెయ్యి లేస్తుంది. వచ్చే అధికారుల్లో పెద్దసారు ఆ పిల్లనే లేపుతారు. కాకి, చిన్నాయన, తిట్లు.

సంచి తగిలించుకుని ఇంటికి పరిగెడుతున్న పిల్లని ఆపింది. రేపొక్క రోజు ఇంటికాడ ఉండు, అమ్మకి తోడుగా ఉండు అంది. ఎందుకని అడిగింది పిల్ల. సార్లు వస్తున్నారు, కూర్చునేదానికి చోటు చాలదు అంది డెబోరా. ఆ గదిలో ఇంకో ఇరవైమంది పడతారు. అబద్ధం అతకాలి కదా, అందుకని హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర స్కెచ్ పెన్ను తీసి చేతిలో పెట్టింది. స్వర్ణ పెన్ను వైపు చూసింది, టీచరు వైపు చూసింది, సరేనని తలూపి వెళ్ళిపోయింది.

బోర్డు తుడుస్తున్న చెంచయ్య చెయ్యి ఆగింది. "ఉండనీండమ్మా. అదేం చేస్తాది పాపం" అన్నాడు.

"ఒక్క రోజుకే గదా సార్" అంది డెబోరా.

కంచే చేను మేయడమంటే ఇదే. ముస్తాబులు వద్దన్నావిడే ముస్తాబు చేసింది, అదీ ఒక పిల్లని చెరిపేసి.

మర్నాడు అంతా అనుకున్నట్టే జరిగింది. జట్టులో వాళ్ళంతా వచ్చారు. చెంచయ్య నేల మీద కూర్చుని చెప్పాడు. పిల్లలు జతలుగా కూర్చుని ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. పెద్దసారు పిల్లల మధ్య తిరిగి, ఇద్దరు ముగ్గుర్ని చదివించి, డెబోరా వైపు తిరిగి ఇదమ్మా మాకు కావలసింది అన్నారు. పక్క మండలాల టీచర్లనీ ఇక్కడికే పంపిస్తాను, చూసి నేర్చుకుంటారు అన్నారు. డెబోరా నేల మీద నిలబడలేదు ఆ కాసేపు.

వాళ్ళని జీపు దాకా సాగనంపడానికి ఇసక దారిన నడిచింది. ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. సముద్రంలో వంపుగా వదిలిన వల రెండు కొసల తాళ్ళనీ పట్టుకుని రెండు వరసల మనుషులు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తున్నారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, నడుం వంగిన ముసలివాళ్ళు కూడా ఉన్నారు. ఆ పాళెంలో తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఉంటుంది, దాన్ని పాలు అంటారు. చేతిలో సత్తువ ఎంతని ఎవరూ అడగరు. ఒక వరస చివర తాడు తోక పట్టుకుని స్వర్ణ ఉంది. ఆ పిల్ల లాగినందువల్ల వల అంగుళం కదలదు. అయినా అవతలికి పొమ్మన్నవాళ్ళు ఎవరూ లేరు.

స్వర్ణ తలెత్తి చూసింది. టీచర్నీ, పక్కన సార్లనీ చూసింది. చూడ్డంతోనే తాడు వదిలేసి పరిగెత్తి, ఒడ్డుకి లాగిపెట్టిన పడవ చాటున కూర్చుండిపోయింది. సార్లకి కనబడకూడదని దానికి ఎవరూ చెప్పలేదు. చోటు చాలదన్న మాటకి అసలు అర్థమేమిటో ఎవరూ విప్పకుండానే తెలుసుకుంది. చదవడం రాని పిల్ల డెబోరాని మాత్రం తప్పుల్లేకుండా చదివేసింది. జీపు కదిలాక కూడా పడవ వెనక నుంచి బయటికి రాలేదు. డెబోరా పిలవకుండానే బడి వైపు తిరిగింది.

తర్వాతి వారం మళ్ళీ ఆ బడికి వెళ్ళినప్పుడు స్వర్ణ బళ్ళోనే ఉంది. వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. చెంచయ్య ప్రశ్న అడిగితే చెయ్యి లేవలేదు. చదివే వేళకి, కుండలో నీళ్ళయిపోయినట్టున్నాయి తెస్తానని లేచి వెళ్ళింది. కుండ నిండుగా ఉందని డెబోరాకి తెలుసు, చెంచయ్యకీ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

స్వర్ణ తల్లితో చెప్పి తప్పు ఒప్పుకుందామని ఆ సాయంత్రం కామమ్మ ఇంటికి వెళ్ళింది. కామమ్మ చేపలు ఎండబెట్టి కావలి సంతలో అమ్ముకునే మనిషి. టీచరమ్మ గడపలోకి వచ్చిందని ఆమె చేసిన హడావుడిలో డెబోరా తెచ్చుకున్న మాట చెప్పకుండానే లేచింది. వచ్చేటప్పుడు కామమ్మ ఒక ఎండు చేపల పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. "తీసుకో టీచరమ్మా. ఆ పొద్దు మా పాప తాడు పట్టిందంట, దాని పాలుకి ఇన్ని వచ్చినాయి. టీచరుకి పెట్టాల, ఎండెయ్యమ్మా అని పట్టుపట్టింది" అంది.

ఏ పొద్దో డెబోరా అడగలేదు. వేడి ఇనుము పట్టుకున్నట్టు ఆ పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చింది. భర్త మాథ్యూకి ఎండు చేపలంటే ప్రాణం. పులుసు పెట్టుకుని, వంకాయ కూడా వేసుకుని, లొట్టలు వేస్తూ తిన్నాడు. ఆవిడ మజ్జిగ పోసుకుని లేచింది.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరి పట్లయినా చేసిన తప్పు దిద్దుకోకుండా బల్ల దగ్గరికి పోకూడదని వాళ్ళ నాయన చిన్నప్పటి నుంచి చెప్పేవాడు. వరసలో ముందుకి వెళ్తున్న మాథ్యూ వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ కదల్లేదు. బయటికి వచ్చాక ఏమైందని అడిగితే మోకాలు పట్టేసిందని చెప్పింది. చేసిన తప్పు చాలదన్నట్టు చర్చి ముంగిట్లో ఇంకో అబద్ధం. వచ్చే శనివారం జట్టులో చెప్పేస్తానని ఆ మెట్ల మీదే అనుకుంది.

ఆ శనివారం మీటింగు సుశీల్ కుమార్ బళ్ళో. కుర్రవాడు పాఠం అద్భుతంగా చెప్పాడు. అడిగిన ప్రతి పిల్లా జవాబు చెప్పింది. తడబాటు లేదు, తప్పు లేదు. అంత నున్నగా సాగిన పాఠం చూస్తే డెబోరాకి లోపల ఏదో గుచ్చుకుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర వంటామె గిన్నెలో గుడ్లు మిగిలాయి. ఈ పొద్దు అయిదుగురు తక్కువమ్మా అంది ఆమె. డెబోరా సుశీల్‌ని పక్కకి పిలిచి, వాళ్ళు ఎందుకు రాలేదని అడిగింది.

అతను దాచలేదు. దాచాలని కూడా అతనికి తోచలేదు. "నేనే ఇండ్లకాడ ఉండమన్నానక్కా. ఏటిమొగలో మీరు చేసినట్టే" అన్నాడు.

ఎవరు చెప్పారని అడిగింది.

"చెప్పేదేముందక్కా? కాకి కథ పిల్ల ఆ పొద్దు లేదు గదా, మాకందరికీ అర్థమైపోయింది. మేమేం తప్పు పట్టలేదు. సార్లొచ్చే రోజు అట్టా చెయ్యాలని తెలిసింది, అంతే."

ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని చెప్పిన నియమం ఒక్క రోజులో కొట్టుకుపోయింది. చెప్పింది ఎవరికీ పట్టలేదు, చేసింది అందరికీ పట్టింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ వాళ్ళొచ్చి పంచుకోలేదు, ఆవిడే బడి బడికీ పంచిపెట్టింది. ఎనిమిది బళ్ళలో ఇంకెంతమంది పిల్లలు ఎన్ని పడవల చాటున కూర్చున్నారో. రేపు పక్క మండలాలు కూడా చూసి నేర్చుకుంటాయి.

ఇప్పుడైనా అందరి ముందూ చెప్పెయ్యాలి. సుశీల్ ఆవిడ వైపు చూస్తున్నాడు, మెప్పు కోసం. అతని పాఠం ఎలా ఉందో చెప్పమని మిగిలినవాళ్ళు అడుగుతున్నారు. డెబోరా లేచి నిలబడి, పాఠం బాగుంది అంది. చెప్పి కూర్చుంది. ఇది మొదటి తప్పుకన్నా పెద్దదని కూర్చునేటప్పుడే తెలుసు ఆవిడకి. మొదటిది పరువు పోతుందన్న భయంలో జరిగింది. ఇది మాత్రం అన్నీ తెలిసి, తీరిగ్గా, టీ తాగుతూ చేసింది.

పక్క మండలాల టీచర్లు వ్యానులో ఏటిమొగ పాళెం వచ్చే రోజు రానే వచ్చింది. ఈసారి ఎవర్నీ ఆపవద్దు, అందరు పిల్లలూ ఉండాలని చెంచయ్యకి ముందే చెప్పింది డెబోరా. జరిగిందేదో జరిగిపోయింది, ఇకనుంచి సరిగ్గా ఉంటే చాలదా, నలుగురిలో చెప్పుకోవడం దేనికని మనసుతో బేరం కూడా ఆడుకుంది. పొద్దున్నే బయల్దేరి అందరికన్నా ముందు చేరింది.

స్కూటీ ఆపేసరికి బడి గేటులోంచి స్వర్ణ బయటికి వస్తోంది. భుజాన సంచి ఉంది. రెండో తరగతి చదివే శివశంకర్ అనే బుడతణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వాడి భుజానా సంచి ఉంది.

"యాడికి పోతుండారు?" అంది డెబోరా.

"ఈ పొద్దు సార్లొస్తుండారంట గదా టీచర్. అందుకని పోతుండాం."

"వీడెందుకు?"

"వీడికి గూడా చదవను రాదు టీచర్. నేనే చెప్పినా, రేపొద్దాం రా అని" అంది స్వర్ణ. చెప్పకుండానే పని చేసిన పిల్ల మొహంలో ఉండే గర్వం దాని మొహంలో ఉంది. తర్వాత గొంతు తగ్గించి, పెద్దవాళ్ళ సంగతి పెద్దవాళ్ళతో చెప్పినట్టు చెప్పింది. "మేముంటే మీకు మాటొస్తాది గదా."

డెబోరా ఇసకలోనే కూలబడింది. ఏడుపు ఆగలేదు. పిల్లలిద్దరూ బెదిరిపోయి చూస్తున్నారు. తప్పు చేశాను, ఆ రోజు నిన్ను రావద్దనడం నాదే తప్పు అని స్వర్ణ రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. పర్లేదు టీచర్ అంది ఆ పిల్ల. పర్లేదని అది అంత తేలిగ్గా అనగలగడమే ఆవిడ భరించలేకపోయింది. దూరంగా వ్యాను హారన్ వినబడింది. పోవాలన్నట్టు స్వర్ణ చేతులు విడిపించుకోబోయింది. డెబోరా వదల్లేదు. ఇద్దర్నీ రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

గది నిండింది. పాత జట్టువాళ్ళు, కొత్తగా వచ్చినవాళ్ళు గోడల పొడుగునా నిలబడ్డారు. చెంచయ్య పాఠం మొదలుపెట్టబోతుంటే ఆవిడ ఆపింది. స్వర్ణ భుజం మీద చెయ్యి వేసి చెప్పింది.

"ఈ బడి చూసి నేర్చుకోమని మిమ్మల్ని పంపినారు. ఆ పొద్దు చూసినోళ్ళు ఈ పిల్లని చూళ్ళేదు. చదవను రాదని నేనే రావద్దన్నాను. చెంచయ్య గారు వద్దన్నా విన్లేదు. తరవాత సుశీల్ అయిదుగురిని ఆపితే, పాఠం బాగుందన్నాను. అది అతని తప్పు గాదు, నేను నేర్పిందే."

సుశీల్ కుమార్ తల దించుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన, ఇట్టా ఒప్పుకునేదానికి ఎంత ధైర్యం కావాల అని చప్పట్లు కొట్టాడు. చూసి ఇంకో నలుగురు కొట్టారు. డెబోరా మొహం మంటెక్కింది. తప్పు చేసినప్పుడూ మెచ్చుకున్నారు, ఒప్పుకున్నప్పుడూ మెచ్చుకుంటున్నారు. మధ్యలో ఈ పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు. చప్పట్లు వద్దండీ అంది.

పుస్తకం తెరిచి స్వర్ణ చేతిలో పెట్టింది. కాకి బొమ్మ ఉన్న పేజీ అది. నీకు ఎట్టా వస్తే అట్టా చదువు అంది. తప్పో ఒప్పో, ఆ కాకి చిన్నాయన పడవ మీద వాలాలని, చేప ఎత్తుకుపోవాలని, గదంతా నవ్వాలని ఆవిడ మనసు కొట్టుకుంది. ఆ కథ వినిపిస్తే చాలు, మిగతాది నేర్పుకోవచ్చు.

స్వర్ణ బొమ్మ వైపు చూసింది. పెదవులు కదిలాయి. తర్వాత గోడల పొడుగునా నిలబడ్డ సార్ల వైపు చూసి పుస్తకం మూసింది.

"నాకు చదవను రాదు టీచర్" అంది, అందరికీ వినబడేలా.

ఆ మాట ఆ పిల్ల నోట ఎప్పుడూ రాలేదు. రాదని ఎవరెన్నిసార్లు చెప్పినా నమ్మని పిల్ల అది. మళ్ళీ గుమ్మం దగ్గరికి జారుకున్న శివశంకర్ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, అక్క ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

"ఇంక మేం పోవచ్చా టీచర్?" అని అడిగింది స్వర్ణ.

వద్దు, ఉండు తల్లీ అంది డెబోరా. వాణ్ణి కూడా లోపలికి పిలిచి, ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టి, తనూ పక్కన నేల మీద కూర్చుంది. చెంచయ్య గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. టీచరు చెప్పింది కాబట్టి స్వర్ణ కూర్చుంది. పాఠం అయ్యేదాకా భుజం మీది సంచి మాత్రం దించలేదు.